వామన్‌రావు ద్రాక్ష, సిరాజుద్దీన్ ముక్కు

బేగం సాహెబా తోట, దౌలతాబాద్
20 మార్చి 1938

అరే సిరాజ్,

ముందు కూర్చో. అత్తరు దుకాణంలో గిరాకీ ఉంటే పంపించేసి, చేతులు తుడుచుకుని కూర్చో. ఈసారి కుదిరింది!

నిన్న ఎండ ఎక్కకముందే హబ్షీ ద్రాక్ష నాలుగు వరసలు కోయించేశాను. నల్లటి చిన్న పండు. తోలు మందం, గింజ పెద్దది, పులుపు జాస్తి. తినడానికి దీన్ని ఎవరూ కొనరు. కానీ వైన్‌కు ప్రాణం ఆ తోలూ ఆ పులుపే. ఈ సంగతి తెలియక రెండేళ్లు తియ్యటి సాహెబీ ద్రాక్ష వెంట పడ్డాను. మొదటి ఏడాది జాడీల మూతలు గట్టిగా బిగిస్తే అవి పేలి పెంకులు కప్పుకు తగిలాయి. రెండో ఏడాది భయపడి వదులుగా పెడితే బూజు వచ్చింది. ఆ బూజు సంగతి నవాబ్ సాహెబ్‌కు చెప్పిన రోజు నా ముఖం నువ్వు చూశావు. మళ్లీ గుర్తు చేయకు.

మన మొగులయ్య చేత మూడుసార్లు కాళ్లు కడిగించి తొట్టిలోకి దింపాను. ముప్పై ఏళ్లుగా ఈ తోట మాలి, పండ్ల మీద కాలు పెట్టడానికి మొదట ఒప్పుకోలేదు. దిగాక మాత్రం, "అయ్యా, మస్తు సల్లగున్నది. ఇగ నేను బయటికి రాను" అని ఒకటే తొక్కుడు. తోలూ గింజా తియ్యకుండా అంతా బానల్లో పోయించి, చుట్టూ తడి గోనెలు కట్టించాను. ఈ ఉదయానికి రసం మరుగుతోంది సిరాజ్! పొయ్యి లేదు, నిప్పు లేదు. బానకు చెవి ఆనిస్తే లోపల సన్నగా వాన పడుతున్న చప్పుడు. తోలు పైకి తేలి గట్టిగా కడుతుంది. పొద్దునా సాయంత్రం దాన్ని కర్రతో లోపలికి అణచాలి. నేనే అణుస్తున్నాను, ఎవరికీ ఇవ్వడం లేదు.

నాలుగేళ్ల కింద నవాబ్ సాహెబ్ నన్ను గుమాస్తాగా ఫ్రాన్స్ తీసుకెళ్లినప్పుడు ఒక పల్లెటూరి రైతు పీపాలోంచి ఒక గ్లాసు వంచి ఇచ్చాడని నీకు వందసార్లు చెప్పాను. నూట ఒకటోసారి విను. అంతకుముందు కల్లు రుచి చూశాను, సారా చూశాను, దొరల విస్కీ వాసనకే పారిపోయాను. ఇది వేరు. నోట్లో పండుగా మొదలై, నాలుక పక్కలను గట్టిగా పట్టుకుని, మింగిన తర్వాత కూడా వెళ్లనంటుంది. ఆ రైతు తన తోట మట్టిని చూపించి, మళ్లీ గ్లాసును చూపించి నవ్వాడు. భాష రాకపోయినా అర్థమైంది. మన దౌలతాబాద్ మట్టి ఏం రుచి ఇస్తుందో చూడాలన్న పిచ్చి ఆ రోజే పట్టింది.

నవంబరులో నవాబ్ సాహెబ్ ఉండే దబీర్‌పురా దేవిడీలో దొరలకు విందు ఉంది. తోట నవాబ్ సాహెబ్‌ది కాదు, వాళ్లమ్మ ఖైసర్ బేగం సాహెబాది. పెళ్లిలో ఆమెకు మహర్‌గా వచ్చిన భూమి. అందులో శరాబ్ చేయడం ఆమెకు సుతరామూ ఇష్టం లేదు. కొడుకు మొండికేశాడని మూడేళ్లు గడువిచ్చింది. ఆ విందులో మన వైన్ పెట్టి మెప్పు పొందితే తోట నిలుస్తుంది. లేకపోతే డిసెంబరు ఒకటిన తీగలన్నీ పీకించి పత్తి వేయమని ఆమె ఉత్తర్వు. రెండు వేల తీగలు సిరాజ్. అందులో ఆరువందలు నేను నాటినవి.

ఆరు వారాల్లో ఒక సీసా పంపుతాను. తాగమనడం లేదు, నీ సంగతి నాకు తెలియదా! వాసన చూడు చాలు. ఏడేళ్ల వయసులో కళ్లు మూసుకుని మీ నాన్న అత్తరు సీసాలన్నిటికీ పేర్లు చెప్పిన ముక్కు నీది. హైదరాబాదులో దానికంటే నాకు నమ్మకమైన కొలత లేదు.

జవాబు తెలుగులోనే రాయి. నా ఉర్దూ రాత నువ్వు చదవలేవు, నీ తెలుగు రాత మీ అన్న చదవలేడు. ఇద్దరికీ మంచిది. ఇంట్లో అహల్య ఇదంతా ద్రాక్షారిష్టం అనుకుంటోంది. అనుకోనీ.

నీ
వామన్


పత్తర్‌గట్టి, హైదరాబాద్
8 మే 1938

వామన్,

నీ సీసా చేరింది. దబీర్‌పురా స్టేషన్‌లో పార్సిల్ బాబు దాన్ని ఎత్తి వెలుతురుకు పట్టి, "గిదేంది భాయ్, దవాయా?" అన్నాడు. "హౌ, దిల్‌కు" అన్నాను. నవ్వి ఇచ్చేశాడు.

ఇంటికి తెచ్చేసరికి కుల్సుమ్ నాకో పాత గిన్నె విడిగా పెట్టింది. "గీ గిన్నె మల్ల వంటింట్లకు వస్తే నేను మా అమ్మగారింటికి పోత" అని చెప్పి మరీ పెట్టింది. వాసన చూడటం తప్పని ఏ మౌల్వీ సాబూ ఇంతవరకు నాతో అనలేదు. నేనూ అడగలేదు.

అత్తరు చూసినట్టే చూశాను. పుల్లకు దూది చుట్టి ముంచి, పక్కన పెట్టి, మొదటి వాసనను పోనిచ్చాను. మొదటి వాసన ఎప్పుడూ డాబుగా వస్తుంది, దాన్ని నమ్మకూడదని నాన్న చెప్పేవాడు. కాసేపటికి నేరేడు పండు వచ్చింది. బాగా ముగ్గి, తొక్క చిట్లిన నేరేడు. దాని వెనుక లవంగం. ఒక్కటే మొగ్గ, ఎక్కువ లేదు. గంట తర్వాత దూది ఆరిపోయింది. ఇక ఏముంటుందిలే అని పారేయబోతూ ఊరికే మళ్లీ చూశాను.

వామన్, నాకు ఒళ్లు జల్లుమంది. మట్టి! ఎండిన నేల మీద మొదటి వాన పడ్డప్పటి మట్టి. కనౌజ్ వాళ్లు దీన్ని అత్తరుగా దింపడానికి ఎంత తంటాలు పడతారో నాకు తెలుసు. నీ దూది ముక్క అదేదో తన సొంతం అన్నట్టు ఇచ్చేసింది. కుల్సుమ్‌ను పిలిచి చూపించాను. ముక్కు దగ్గర పెట్టుకుని, "మా ఊరి చేను లెక్క ఉన్నది" అంది. మళ్లీ గుర్తొచ్చి దూరంగా జరిగింది.

ఒక్క లోపం చెబుతాను, కోపం తెచ్చుకోకు. నేరేడుకూ మట్టికీ నడుమ ఎక్కడో నీళ్ల వాసన ఉంది. పచ్చిగా ఉంది. కొత్తగా దింపిన అత్తరులో తేమ దాక్కుంటే ఇలాగే ఉంటుంది.

ఇంకేం, తోట నిలిచినట్టే. నేనైతే ఫికర్ వదిలేశాను.

సిరాజ్


బేగం సాహెబా తోట
2 జూన్ 1938

సిరాజ్, నా సిరాజ్!

మట్టి అన్నావు! నీ ఉత్తరం పట్టుకుని తోటంతా తిరిగాను. మొగులయ్యకు చదివి వినిపిస్తే, "మన్ను గాకుంటే ఏముంటదయ్యా, గండ్లకెల్లే గద వచ్చింది" అన్నాడు. నాలుగేళ్లుగా నేను వెతుకుతున్నది అతనికి ముప్పై ఏళ్లుగా తెలుసు.

నీ మాట చదివాకే నా నాలుకకూ అది దొరికింది. ఇంతకాలం నేను గటగటా రెండు గుక్కలు వేసి బాగుందనో బాగోలేదనో తేల్చేసేవాణ్ని. ఇప్పుడు నీలాగే ఆగుతున్నాను. పొద్దున పది గంటలకు, ఏమీ తినకముందు, ఒక చెంచాడు నోట్లో పోసుకుని కదలకుండా ఉంచుతాను. నాలుక కొసకు పండు తెలుస్తుంది, పక్కలకు పులుపు, వెనకకు తోలు ఇచ్చిన వగరు. మింగి నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి వదులుతాను. అప్పుడు వస్తుంది నువ్వు చెప్పిన మట్టి! రోజూ వస్తుంది. రోజూ నవ్వొస్తుంది.

ఇప్పుడు అసలు పని. ఇక్కడి రేకుల కొట్టంలో ఎండకు మనుషులే ఉండలేకపోతున్నారు. ఇంకో రెండు నెలలు వైన్ ఇక్కడే ఉంటే ఉడికిపోతుంది. మీ దుకాణం కింద తహఖానా వేసవిలో కూడా చల్లగా ఉంటుంది కదా. వానలు పడగానే వైన్ మొత్తం రెండు పెద్ద పింగాణీ జాడీల్లో పంపుతాను. విందు దాకా నీ దగ్గరే ఉండనీ. మూతల చుట్టూ మైనం పెట్టాను. జాడీ నోటి వరకు నిండుగా ఉంటుంది. దానికి గాలి తగలకూడదు. విప్పకు, కదపకు, గాలి తగలనివ్వకు. పచ్చి వాసన నాకూ తెలుస్తోంది. అది వయసు చాలక. అదే పోతుంది.

నా దగ్గర అరడజను చిన్న సీసాలు మాత్రం ఉంచుకుంటున్నాను, రోజుకు ఒక గుక్క చొప్పున.

నీ
వామన్


పత్తర్‌గట్టి
6 ఆగస్టు 1938

వామన్,

జాడీలు రెండూ పగలకుండా దిగాయి. నలుగురు హమాలీలు పట్టుకుని మెట్లు దింపుతుంటే అన్న వచ్చి పడ్డాడు.

"ఏంది గవి?"

"సిర్కా. కుల్సుమ్ అచార్లకు."

"రెండు జాడీలా? షహర్ అందరికీ అచార్ పెడుతున్నవా?"

"బిల్కీస్ ఆపా ఇంటికి సుత పంపాలె" అని మా అక్కను మధ్యలోకి లాగి తప్పించుకున్నాను. వైన్‌ను పట్టుకుని వెనిగర్ అన్నాను. నీ కోసం ముసలితనంలో అబద్ధాలు నేర్చుకుంటున్నాను చూడు.

తహఖానాలో అత్తరు పెట్టెల మధ్య నీ జాడీలకు మంచి చోటిచ్చాను. మా వాళ్లు అన్నిటికంటే ఖరీదైన రూహ్ గులాబ్ అత్తరు పెట్టే మూల అది. రోజూ ఒకసారి దిగి పలకరిస్తున్నాను.

ఇంకో మాట. నీ వైన్‌కు మా ఇంటి పద్ధతిలో చిన్న మర్యాద ఒకటి చేస్తున్నాను. ముందు కొంచెం మీద వారం రోజులు చేసి చూశాను. ఖసమ్ సే వామన్, వాసన విప్పారింది! ఆ నీళ్ల వాసన ఎటు పోయిందో పోయింది. నేరేడు ముందుకొచ్చింది, లవంగం రెండింతలైంది. ఇక ఆగలేక మొత్తానికీ చేసేశాను. ఏం చేశావు, ఎలా చేశావు అని అడగకు. విందు రోజు గ్లాసు ఎత్తినప్పుడు నీ ముఖం చూడాలి నాకు. అంతవరకు చెప్పను.

సిరాజ్


బేగం సాహెబా తోట
10 సెప్టెంబరు 1938

అరే దొంగా,

చెప్పనంటావా! సరే, చెప్పకు. నీ చేతిలో చెడేది ఏముంది?

విందు తేదీ ఖాయమైంది. నవంబరు పన్నెండు. నవాబ్ సాహెబ్ నిన్న తోటకొచ్చి నా ఆఖరి సీసాలో మిగిలిన గుక్క కళ్లు మూసుకుని తాగారు. తర్వాత నా భుజం పట్టుకుని, "వామన్‌రావ్, అమ్మీజాన్ ఇక తోట జోలికి రాదు" అన్నారు. నా దగ్గర ఇప్పుడు చుక్క లేదు. ఉన్నదంతా నీ దగ్గరే.

దేవిడీ వంటమనిషి దీనితో ఏం వడ్డించాలని కబురంపాడు. దొరలు చీజు అనే సీమ జున్నుతో తాగుతారట. నాకు ఇక్కడ జున్నెక్కడిది? ఈ రెండు నెలలు జొన్నరొట్టె, వేయించిన పల్లీలు, వెల్లుల్లి కారంతో తాగాను. ఎంత బాగుందనుకున్నావు! కారం మీద ఒక గుక్క పడితే నేరేడు ఇంకా తియ్యగా వస్తుంది. రొట్టె నములుతూ తాగితే వగరు మెత్తబడుతుంది. ఒంటరిగా తాగితే వైన్ డాబు చేస్తుంది, తిండితో తాగితే ఇంటిమనిషిలా ఉంటుంది. తెలివితేటలన్నీ పక్కన పెట్టి చెబుతున్నాను, పొలం గట్టు మీద కూర్చుని ఆకలితో తాగినదే నేను తాగినవాటిలో మేలు. వంటమనిషికి మాత్రం షికంపూరీ కబాబ్ అని రాశాను. దొరల ముందు జొన్నరొట్టె పెడితే నన్ను తోటలోనే పాతేస్తారు.

ఎలా ఉంది నా పిల్ల? వాసన రాయి. వివరంగా రాయి.

నీ
వామన్


పత్తర్‌గట్టి
29 సెప్టెంబరు 1938

వామన్,

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. మూసీ నయాపూల్ కింద ఎర్రగా పారుతోంది. జనం అంతా వంతెన మీద నిలబడి చూస్తున్నారు. అన్నకు మోకాళ్ల నొప్పి. బిల్కీస్ ఆపా వచ్చి వెళ్లింది. మొగలి అత్తరు ధర పెరిగింది. అహల్య వదినకు సలాం చెప్పు. మొగులయ్యను అడిగానని చెప్పు.

సిరాజ్


బేగం సాహెబా తోట
6 అక్టోబరు 1938

సిరాజ్,

మూసీ గురించి రాశావు, మోకాళ్ల గురించి రాశావు. వైన్ గురించి ఒక్క మాట లేదు. జలుబు చేసిందా, ఇంకేమైనా జరిగిందా? ఇరవయ్యో తేదీన సీసాల్లో నింపడానికి వస్తున్నాను. అంతలోగా రెండు ముక్కలు రాయి. నిద్ర పట్టడం లేదు.

వామన్


పత్తర్‌గట్టి
11 అక్టోబరు 1938

వామన్,

రావద్దు. నింపడానికి వైన్ లేదు. నేను పాడు చేశాను.

ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. మా ఇంట్లో కొత్త అత్తరును గాజులో ఉంచరు. కుప్పీలో పోస్తారు. ఒంటె తోలుతో చేసిన సీసా అది. అత్తరులో దాక్కున్న తేమను తోలు మెల్లగా బయటికి పంపేస్తుంది, నూనెను మాత్రం తన దగ్గరే ఉంచుకుంటుంది. నెలలు గడిచేసరికి వాసన పండుతుంది. తాత అలాగే చేశాడు, నాన్న అలాగే చేశాడు. నీ వైన్‌లో ఆ నీళ్ల వాసన తగలగానే నాకు కుప్పీ గుర్తొచ్చింది. ఎప్పుడూ వాడని కొత్త కుప్పీలు అటక మీద ఉంటే దింపాను. ఒక దాంట్లో వారం ఉంచితే వాసన అంత బాగా విప్పారింది కదా, ఇక ఒళ్లు తెలియలేదు. రెండు జాడీలూ ఒంపి అన్నీ నింపేశాను.

తేమ బయటికి పోయే దారిలోనే గాలి లోపలికి వస్తుందని నాకు తట్టలేదు. అత్తరుకు గాలితో పేచీ లేదు. నువ్వు గాలి తగలనివ్వకని రెండుసార్లు రాశావు. వాసన సంగతి వామన్‌కేం తెలుసు అనుకున్నాను. ఉన్నమాట అది. నా ముక్కు మీద నాకున్న గర్వం నీ తోట తినేసింది.

గత నెల మూత తీస్తే ముక్కు అదిరింది. నమ్మలేక కుల్సుమ్‌ను పిలిచాను. దూరం నుంచే, "ఇంకేం జూస్తున్నవ్, గది సిర్కా అయింది" అంది. అన్నకు సిర్కా అని అబద్ధం చెప్పాను. అల్లా దాన్ని నిజం చేశాడు. అన్ని కుప్పీలూ అంతే. ఒక్కటీ మిగల్లేదు.

నెల రోజులుగా నీకు రాయలేక మూసీ గురించి రాశాను. నన్ను తిట్టు. వచ్చి కొట్టు. ఏం చేసినా తక్కువే.

సిరాజ్


దౌలతాబాద్
16 నవంబరు 1938

జనాబ్ సిరాజుద్దీన్ గారికి నమస్కారములు.

మీ ఉత్తరము అందినది. జవాబు ఆలస్యమైనందుకు క్షమించగలరు. పన్నెండవ తేదీన దేవిడీలో విందు జరిగినది. బల్ల మీద సీమ నుంచి తెప్పించిన సీసాలు పెట్టిరి. నవాబ్ సాహెబ్ వారు నాతో మాటలాడలేదు. డిసెంబరు ఒకటవ తేదీన తీగలు తీయించవలెనని బేగం సాహెబా వారి ఉత్తర్వు నిన్న అందినది. ఇరువది మంది కూలీలను కుదిర్చితిని.

జాడీలు తిరిగి పంపనక్కరలేదు.

మొగులయ్య మూడు రోజులుగా అన్నం సరిగా తినడం లేదు.

ఇట్లు
వామన్‌రావు


పత్తర్‌గట్టి
29 నవంబరు 1938

వామన్,

నువ్వు మీరు అన్నా నేను నువ్వే అంటాను. కూలీలను వెనక్కి పంపించెయ్. ఈ ఉత్తరం అందేలోగా తార్ ఆఫీసులో కొట్టించిన టెలిగ్రాం అందే ఉంటుంది. అందులో "తీగలు ముట్టకు" అని రెండు ముక్కలే రాయించాను, ఇప్పుడు మొత్తం చెబుతాను.

నీ ఉత్తరం చదివి నేను రెండు రోజులు దుకాణం తెరవలేదు. కుల్సుమ్ చూసి చూసి, ఒక కుప్పీలోంచి చిన్న గిన్నెలో ఒంపి తెచ్చి నా ముందు పెట్టింది. విడిగా పెట్టిన పాత గిన్నె కాదు, వంటింటి గిన్నె. "మౌల్వీ సాబ్‌ను అడిగొచ్చిన. శరాబ్ దానంతట అది సిర్కా అయితే హలాలే అన్నడు. నీ దోస్తు ఏం జేసిండో ఇంతకాలం వాసనే జూసినవ్. ఒక్క సుక్క నాలుక మీద ఏస్కో" అంది.

వేసుకున్నాను. ముందు పులుపు కొట్టింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆగాను. నేరేడు వచ్చింది. లవంగం వచ్చింది. మింగి ముక్కుతో ఊపిరి వదిలాను, నువ్వు రాసినట్టే. మట్టి వచ్చింది వామన్! ఒక్కటీ పోలేదు. అన్నీ అందులోనే ఉన్నాయి. నేను పాడు చేశాననుకున్నది రూపం మార్చుకుంది, అంతే. నేను గిన్నె పట్టుకుని పిల్లాడిలా ఏడ్చాను. కుల్సుమ్ నన్ను ఏడవనిచ్చి, తర్వాత అసలు మాట చెప్పింది.

ఆమె నెలకోసారి దేవిడీలో ఆడవాళ్లుండే జనానాకు అత్తరు తీసుకెళుతుంది కదా. బేగం సాహెబాకు జ్వరం తగ్గినా నోరు రుచి తెలియడం లేదట. హకీం సాబ్ సిర్కాతో చేసే సికంజబీన్ పట్టమన్నారు. బజారు సిర్కాతో చేసిన షర్బత్ ఒక గుక్క తాగి విసిరికొట్టిందట. కుల్సుమ్ ఆ పూటే నీ సిర్కాలో తేనె వేసి సన్నటి సెగ మీద పాకం పట్టింది, పుదీనా వేసింది. మరునాడు ఇద్దరం దేవిడీకి వెళ్లాం. ఆమె లోపలికి, నేను పరదా బయట.

ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పరదా వెనుక నుంచి బేగం సాహెబా గొంతు వినిపించింది. ఆమె ఉర్దూలో అన్నది నీకు తెలుగులో రాస్తున్నాను.

"రెండు గ్లాసులు తాగాను. ఇరవై రోజుల తర్వాత నాకు రుచి తెలిసింది. ఈ సిర్కా ఎక్కడిది?"

"మీ దౌలతాబాద్ తోటది, బేగం సాహెబా."

"అక్కడ అయ్యేది శరాబ్ కదా?"

ఇక్కడ అబద్ధం చెప్పొచ్చు. కానీ ఒక్కసారి దాచి నిన్ను పోగొట్టుకున్నాను. మొత్తం చెప్పేశాను. నీ నాలుగేళ్ల పిచ్చి, పగిలిన జాడీలు, పట్టిన బూజు, నా కుప్పీలు, నా గర్వం, అన్నీ. చెప్పడం అయ్యాక పరదా కదిలింది. నవ్వుతోంది! లోపల ఉన్న ఆడవాళ్లందరూ నవ్వడం మొదలుపెట్టారు.

"నేను మూడేళ్లు దువా చేసినా మారనిదాన్ని ఒక అత్తరు సాయిబు తోలు సంచిలో పోసి హలాల్ చేశాడా?" అంది. తర్వాత నవ్వు ఆపి, "తీగలు ఉండనివ్వండి. ఏటా నలభై జాడీల సిర్కా నాకు కావాలి. హకీం సాబ్ దవాఖానాకు, మా వంటింటికి. ఆ గుమాస్తానే చేయమనండి" అంది.

నేను ఊరుకోవచ్చు కదా! మళ్లీ దాచినట్టవుతుందని భయపడి, "బేగం సాహెబా, ఒక్క మనవి. ద్రాక్ష తిన్నగా సిర్కా కాదు. ముందు అది..." అని మొదలుపెట్టాను.

"సిరాజుద్దీన్" అంది. గొంతు గట్టిగా ఉంది. "ద్రాక్ష నాది, సిర్కా నాది. నడుమ ఏమవుతుందని నేను అడిగానా?"

"లేదు."

"మరి నువ్వెందుకు చెబుతున్నావు?"

సలాం చేసి వచ్చేశాను. నవాబ్ సాహెబ్ గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. నన్ను చూసి మీసాల కింద నవ్వు దాచలేకపోయారు.

ఒక సీసా సిర్కా పార్సిల్‌లో పంపుతున్నాను. ఇక నన్ను ఏమని పిలుస్తావో నీ ఇష్టం.

సిరాజ్


బేగం సాహెబా తోట
5 డిసెంబరు 1938

అరే సిరాజ్,

మీరు అని రాసిన ఆ ఉత్తరం ఇంకా నీ దగ్గర ఉంటే చింపి పొయ్యిలో వెయ్యి. కుల్సుమ్ భాభీ చూసి ఉంటే, రాసింది నేను కాదని చెప్పు.

తార్ ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం వచ్చింది. కూలీలు పలుగులతో సహా దిగి ఉన్నారు. నేను చదివి వినిపిస్తే మొగులయ్య నమ్మలేదు. కాగితం లాక్కుని తలకిందులుగా పట్టుకుని చూసి, "నిజమేనా అయ్యా? ముట్టొద్దన్నరా?" అని నాలుగుసార్లు అడిగాడు. కూలీలందరికీ ఆ పూట భోజనం పెట్టి పంపాను. వాళ్లకు ఏమీ అర్థం కాలేదు గానీ కడుపు నిండా తిన్నారు.

ఒక్క మాట దాచను. ఆ వైన్ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అలాంటిది మళ్లీ వస్తుందో రాదో తెలియదు. నెల రోజులు నిన్ను తిట్టుకోని పూట లేదు. కానీ నువ్వు దుకాణం మూసి కూర్చున్నావని చదివాక తిట్టడానికి నోరు రాలేదు. పరదా ముందు కూర్చుని నీ తప్పు నువ్వే చెప్పుకోవడం నావల్ల అయ్యేది కాదు. నేనైతే మూసీ గురించి మాట్లాడి వచ్చేవాణ్ని.

నీ సిర్కా నిన్న అందింది. ఉల్లిపాయ ముక్కల మీద పోసి జొన్నరొట్టెతో తిన్నాను. నువ్వు రాసింది నిజమే, ఒక్కటీ పోలేదు. అహల్య తిని, "ఇన్నాళ్లకు మీ అరిష్టం దారికొచ్చింది" అంది.

ఇక లెక్క విను! నలభై జాడీల సిర్కాకు నలభై జాడీల వైన్ కావాలి. ఇంతకాలం రెండు జాడీలకే బిక్కుబిక్కుమన్నాను. కోత మార్చిలో. ద్రాక్ష మరగడం ఆగి వైన్ తేరడానికి ఆరు వారాలు. సిర్కా అవ్వాలంటే నేను మూతలు తీయాలి. ఎప్పుడు తీయాలో బేగం సాహెబా చెప్పలేదు. నవాబ్ సాహెబ్ ఇప్పటికే కబురు పంపారు, ఏప్రిల్ నెలాఖరు నుంచి వానల దాకా తోటలోనే మకాం పెడతారట, గాలి మార్పు కోసం. మూతలు తీసే తొందర నాకేం లేదు.

నువ్వూ రావాలి. భాభీని తీసుకుని కోతకు రెండు రోజుల ముందే రా. తొక్కిన పూట రసం తాజాగా ఉంటుంది, మరగడం మొదలవలేదు. ఆ మొదటి గ్లాసు నీది. మరునాటి నుంచి అది నాది, నేను తాగుతాను, నువ్వు దూది పుల్ల ముంచి వాసన చెప్పు. మూతలు తీశాక మళ్లీ నీది, నువ్వు రుచి చూసి నాకు చెప్పు. మొదలూ చివరా నువ్వు, నడుమ నేను. ఇద్దరం కలిస్తే ఈ ద్రాక్ష బతుకులో ఒక్క రోజు కూడా మనకు తెలియకుండా పోదు.

ఏ బండికి వస్తున్నారో రాయి. స్టేషన్‌కు ఎడ్లబండి పంపుతాను.

నీ
వామన్